పాట మిగిలింది, పేర్లు జారిపోతున్నాయి

ప్లేట్లపెట్టె:

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు కూడబెట్టిన గ్రామఫోన్ ప్లేట్లను, ఆ తర్వాత నేను కొన్న కేసెట్లను రెండు నెలలుగా కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. ఆ పనిలో ఉండగా మనసును పట్టి పీడిస్తున్న ఒక సంగతిని మీ అందరి ముందు పెట్టాలనిపించింది. పాటను దాచుకోవడం ఈ రోజుల్లో ఎంతో తేలికైంది. కానీ ఆ పాట ఎవరు రాశారు, ఎవరు బాణీ కట్టారు, ఎవరు పాడారు, ఎవరు వాయించారు అన్న వివరం, ప్లేటు నుంచి కేసెట్టుకు, కేసెట్టు నుంచి సీడీకి, సీడీ నుంచి ఫోనుకు మారిన ప్రతిసారీ కొంత కొంత జారిపోతూ వచ్చింది.

మన దేశంలో రికార్డింగ్ అనేది పేరు చెప్పుకోవడంతోనే మొదలైంది. 1902లో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ చేత పాడించినప్పుడు, ఆమె పాట ముగించిన వెంటనే "నా పేరు గౌహర్ జాన్" అని ఇంగ్లీషులో ప్రకటించేవారు. అప్పట్లో ప్లేట్లు జర్మనీలోని హానోవర్‌లో అచ్చయ్యేవి. అక్కడివాళ్లకు మన భాషలు రావు కనుక ఏ ప్లేటు ఎవరిదో పోల్చుకోవడానికి ఆ మాటే ఆధారం. సినిమా వచ్చాక ఆ ఆధారం కూడా పోయింది. 1949 నాటి మహల్ చిత్రంలోని 'ఆయేగా ఆనేవాలా' పాట ప్లేటు మీద లతా మంగేష్కర్ పేరుకు బదులు, తెర మీద మధుబాల వేసిన పాత్ర పేరు 'కామిని' అని అచ్చువేశారు. శ్రోతలు ఆ గొంతు ఎవరిదని పట్టుపట్టి అడిగితే తప్ప అసలు పేరు బయటికి రాలేదు.

మా తరానికి ఈ పేర్లు నేర్పింది రేడియో. విజయవాడ కేంద్రంలో గానీ, వివిధభారతిలో గానీ, రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గారి నోట గానీ, చిత్రం, రచన, సంగీతం, గానం అన్న నాలుగు మాటలు వినిపించాకే పాట మొదలయ్యేది. బడి చదువు లేని మా అమ్మమ్మ సైతం పెండ్యాల గారి బాణీకీ సాలూరి రాజేశ్వరరావు గారి బాణీకీ తేడా చెప్పేది. ఆవిడకు సంగీతం ఎవరూ నేర్పలేదు. రోజూ ఆ పేర్లు చెవిన పడటం వల్ల, ఏ పేరు వెనక ఎలాంటి పాట వస్తుందో ఆవిడకు తెలిసిపోయింది, అంతే. ఇప్పుడు ఫోనులో పాట పెడితే పైన కథానాయకుడి బొమ్మ కనబడుతుంది, కింద ఒకటో రెండో పేర్లు నడుస్తుంటాయి. రచయిత ఎవరో తెలియాలంటే పక్కనున్న మూడు చుక్కలు నొక్కి లోపలికి వెళ్లి వెతుక్కోవాలి. అక్కడైనా దొరుకుతుందన్న నమ్మకం లేదు.

మొన్న రాత్రి మూగమనసులు పాటలకు పేర్లు టైపు చేసుకుంటూ, 'గోదారీ గట్టుంది' ఎదురుగా రచన ఆత్రేయ, సంగీతం కె.వి. మహదేవన్, గానం పి. సుశీల అని రాసుకుని, వాయించిన వారి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. ఆ గడిలో రాయడానికి నా దగ్గర ఒక్క పేరూ లేదు. ఆ ఖాళీ గడి గురించే మీ అభిప్రాయాలు కోరుతున్నాను.

కవితాశ్రోత:

ప్లేట్లపెట్టె గారూ, మీ ఆవేదన నాది కూడా. అయితే ముందుగా ఒక సవరణ. 'గోదారీ గట్టుంది' ఆత్రేయ గారిది కాదు, దాశరథి కృష్ణమాచార్య గారిది. మూగమనసులు అనగానే ఆత్రేయ గారు గుర్తుకు రావడం, ఆ చిత్రంలో ఆయన పాటలే ఎక్కువగా ఉండటం వల్ల చాలామంది ఇలాగే పొరబడుతుంటారు. మీరు పొరబడ్డారని ఎత్తి చూపడం నా ఉద్దేశం కాదు. ఇంత శ్రద్ధగా పని చేసే మీ చేతిలోనే ఈ తప్పు దొర్లిందంటే, అదే తప్పు ఇప్పటికే ఎన్ని జాబితాల్లోకి ఎక్కి ఉంటుందో ఊహించండి. ఒకచోట పడిన తప్పును పదిచోట్ల ఎత్తి రాసుకుంటారు. ఆ తర్వాత సరైన పేరు చెప్పినవాడే రుజువు చూపించాల్సి వస్తుంది. నిజామాబాద్ జైలు గోడల మధ్య కవిత్వం చెప్పిన మనిషి, అదే చేత్తో గోదావరి పిల్ల పాట ఎంత చనువుగా రాశారో తెలియాలంటే ఆయన పేరు ఆ పాట పక్కన ఉండి తీరాలి.

ప్లేట్లపెట్టె:

కవితాశ్రోత గారికి కృతజ్ఞతలు. వెంటనే సరిదిద్దాను. ఇన్నేళ్లూ ఈ పాటను ఆత్రేయ గారిదనే నలుగురికీ చెబుతూ వచ్చాను. అది తలుచుకుంటే బాధగా ఉంది.

రెండోవరుస వయొలిన్:

ఆ ఖాళీ గడిలో ఉండవలసిన వాళ్లలో నేనొకణ్ణి కనుక ఈ చర్చలో నాలుగు మాటలు చెప్పే చనువు తీసుకుంటున్నాను. మద్రాసులో ఇరవై ఏళ్లకు పైగా సినిమా ఆర్కెస్ట్రాల్లో వయొలిన్ వాయించాను. ఆ రోజుల్లో పాట ఎలా తయారయ్యేదో ఇప్పటి పిల్లలకు తెలియదు కనుక కొంచెం వివరంగా రాస్తాను.

విజయా గార్డెన్స్‌లో గానీ, ఏవీఎంలో గానీ ఉదయం కాల్షీటుకు వెళ్లేసరికి స్టాండ్ల మీద నొటేషన్ కాగితాలు సిద్ధంగా ఉండేవి. మహదేవన్ గారికైతే ఆ పని పుహళేంది గారు చూసేవారు. మామ (మహదేవన్ గారిని అలాగే పిలిచేవాళ్లం) కవి రాసిచ్చిన సాహిత్యం చేతిలో పెట్టుకుని అప్పటికప్పుడు బాణీ కడుతుంటే, పుహళేంది గారు దాన్ని స్వరాల్లో పెట్టి మా ముందుకు తెచ్చేవారు. వయొలిన్లు ఒకపక్క, తబలా, ఢోలక్ అడ్డుగోడల వెనక, గాయకులు గాజు గదిలో. అందరం ఒకేసారి వాయించాలి. ఇప్పటిలాగా ఒక్కొక్కరి ట్రాక్ విడివిడిగా తీసుకుని తర్వాత అతికించే వీలు లేదు. రెండో చరణం చివర ఒకరికి దగ్గు వచ్చినా పల్లవి నుంచి మళ్లీ మొదలు పెట్టాల్సిందే. పదో టేకుకు వచ్చేసరికి కమాను పట్టుకున్న వేళ్లు బిగుసుకుపోయేవి. కమాను దించుతున్నప్పుడు మైకులో చప్పుడు పడుతుందని, చివరి స్వరం పూర్తిగా ఆగిపోయేదాకా దాన్ని తీగ మీదే ఉంచి ఊపిరి బిగబట్టేవాళ్లం. ఇంజనీరు లోపలి నుంచి "ఓకే" అన్నాక నలభై మంది ఒక్కసారిగా ఊపిరి వదిలే ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

సాయంత్రం వోచరు మీద సంతకం పెట్టి డబ్బులు తీసుకుంటే ఆ పాటతో మా సంబంధం తెగిపోయేది. ఆ పద్ధతిని నేను ఎన్నడూ తప్పు పట్టలేదు, అందరూ అలాగే బతికారు. కానీ కొన్నేళ్ల కిందట ఒక పాత పాటను బాగు చేసి విడుదల చేసిన వీడియో చూశాను. పల్లవికీ మొదటి చరణానికీ మధ్య వచ్చే ఒంటి వయొలిన్ ముక్క వాయించింది నా పక్క కుర్చీలో కూర్చునే మిత్రుడు. అతను అప్పటికే పోయాడు. వీడియో కింద శబ్దాన్ని శుభ్రం చేసిన వాళ్ల పేర్లు, బొమ్మకు రంగులు దిద్దిన వాళ్ల పేర్లు, ప్రచారం చేసిన వాళ్ల పేర్లు ఉన్నాయి. అవి ఉండవలసిందే. మా వాడి పేరు మాత్రం లేదు. ఆ సంస్థకు ఉత్తరం రాస్తే, తమ రికార్డుల్లో అటువంటి వివరమేదీ లేదని మర్యాదగానే జవాబిచ్చారు. నాకు తెలుసునని చెప్పినా, నా మాటకు ఆధారం ఏమిటని అడిగారు. పక్క కుర్చీలో కూర్చున్న మనిషికి ఇంకేం ఆధారం ఉంటుంది?

టేపులగది:

వయొలిన్ గారి పోస్టు చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను ఒక పాటల సంస్థలో పాత టేపులను డిజిటల్ చేసే విభాగంలో పని చేశాను. మీకు జవాబు రాసిన ఉద్యోగి ఎవరో నాకు తెలియదు గానీ, ఆ జవాబు ఎందుకు అలా వచ్చిందో చెప్పగలను.

టేపు పెట్టె మీద ఉండేది చిత్రం పేరు, నిర్మాత పేరు, పాట మొదటి మాటలు, గాయకుల పేర్లు, తేదీ. కొన్నిటి మీద సంగీత దర్శకుడి పేరు కూడా ఉండదు. తేమకు బూజు పట్టిన టేపులను శుభ్రం చేయాలి, జిగురు తేలిన వాటిని తక్కువ వేడిలో గంటల తరబడి ఆరబెట్టాలి. అంత చేస్తే అది టేపును చదివే హెడ్డు మీద ఒకటి రెండుసార్లు నడుస్తుంది. ఆ కొద్ది అవకాశంలోనే పాటను పట్టుకోవాలి. ఈ పనికి డబ్బు పెట్టే సంస్థలను నేను తక్కువ చేయలేను. అవి పూనుకోకపోతే మనం ఈ రోజు పేర్ల గురించి కాదు, పాటల గురించే ఏడ్చేవాళ్లం.

అయితే కొత్త పాటల విషయంలో ఇలాంటి సాకు చెప్పడానికి వీల్లేదని ఒప్పుకుంటాను. ప్రతి రికార్డింగుకూ దాన్ని విడిగా గుర్తించడానికి ఐఎస్‌ఆర్‌సీ అనే పన్నెండు అక్షరాల సంఖ్య ఇస్తారు, దానితోపాటు రచయిత, స్వరకర్త, గాయకులు, వాద్యకారులు, ఇంజనీర్ల పేర్లు పంపడానికి గడులు ఉంటాయి. లిరికల్ వీడియో రేపు ఉదయం విడుదల అంటే ఈ రాత్రి పదింటికి ఫైలు చేతికి వస్తుంది. తప్పనిసరి గడులు నింపి పంపేస్తారు. మిగతావి తర్వాత చూద్దామనుకుంటారు, ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాదు. ఇది నేను కళ్లారా చూసిన సంగతి, అందులో నా చేయి కూడా ఉంది.

ధారానగరి:

నేను న్యాయశాస్త్రం చదువుకున్న శ్రోతను. పేరు అన్నది గౌరవం కోసమేనని ఇక్కడ కొందరు అనుకుంటున్నట్టుంది, అందుకే చట్టం సంగతి కొంచెం రాస్తాను. 1977లో సుప్రీంకోర్టు, రచయితలు, స్వరకర్తల హక్కుల సంఘమైన ఐపీఆర్‌ఎస్ దాఖలు చేసిన వ్యాజ్యంలో, సినిమా కోసం డబ్బిచ్చి చేయించుకున్న పాట మీద తొలి హక్కు నిర్మాతదేనని తేల్చింది. అదే తీర్పు చివర జస్టిస్ కృష్ణయ్యర్, మన చట్టం కాగితం మీద రాసిన స్వరాన్నే గుర్తిస్తున్నదనీ, దానికి ప్రాణం పోసే గొంతుకు అందులో చోటు లేదనీ వాపోయి, పార్లమెంటు ఈ సంగతి ఆలోచించాలని విడిగా రాశారు. 1994 సవరణతో ప్రదర్శకుల హక్కు అనేది చట్టంలోకి వచ్చింది. 2012 సవరణతో, సినిమా హాల్లో ప్రదర్శనకు తప్ప మిగతా వాడకాలన్నిటికీ రచయితకూ స్వరకర్తకూ రాయల్టీలో సమాన వాటా ఉండాలనీ, ఆ వాటాను వాళ్లు రాసిచ్చినా చెల్లదనీ తేలింది. గాయకుల హక్కుల సంఘం 2013లో ఏర్పడింది, తర్వాత దాని పేరులోకి వాద్యకారులు కూడా వచ్చి చేరారు.

ఈ డబ్బు ఎవరి ఇంటికి వెళ్లాలో నిర్ణయించేది జాబితాలో ఉన్న పేరే. దాశరథి గారి పాట ఆత్రేయ గారి పేరు మీద నమోదైతే ఒక కుటుంబానికి రావలసినది మరొకరికి పోతుంది. రచయిత మరణించిన తర్వాత కూడా 60 ఏళ్ల పాటు హక్కు ఉంటుంది. దాశరథి గారు 1987లో కాలం చేశారు. లెక్క మీరే వేసుకోండి.

రేలపాట:

పెద్దలందరికీ నమస్కారం. మాది కరీంనగర్ దగ్గరి పల్లె. జానపద పాటలు పాడి వీడియోలు చేసే ఒక చిన్న బృందంలో నేనూ ఉన్నాను. మీరంతా రచయిత పేరు పోయిన పాటల గురించి మాట్లాడుతున్నారు. మా దగ్గర అసలు రచయితే లేని పాటలున్నాయి. వాటి పరిస్థితి ఇంకా చిక్కుగా ఉంటుంది.

మా బాపమ్మ దగ్గర విన్న ఒక బతుకమ్మ పాటను మూడేళ్ల కింద డప్పు, హార్మోనియంతో రికార్డు చేసి పెట్టినం. ఏడాది తర్వాత అదే పాటను ఒక సంస్థ పెద్ద ఖర్చుతో, మంచి కెమెరాలతో తీసి విడుదల చేసింది. అది తప్పు కాదు, బాపమ్మ పాట ఎవరైనా పాడుకోవచ్చు. కానీ యూట్యూబ్‌లో పాటలను పోల్చి చూసే యంత్రం మా పాత వీడియోను వాళ్లదిగా లెక్కగట్టి, దాని మీద వచ్చే నాలుగు రూపాయలు కూడా వాళ్ల ఖాతాకు మళ్లించింది. మేము అభ్యంతరం పెడితే జవాబు చెప్పడానికి అవతలి వాళ్లకు 30 రోజుల గడువు ఉంటుందట. సద్దుల బతుకమ్మ ఆ గడువులోనే వచ్చి పోయింది. మా పాటను జనం వెతికి చూసేదే ఆ తొమ్మిది రోజులు.

మాకు కోపం వచ్చింది డబ్బు కోసమే కాదు. ఆ పెద్ద వీడియోలో రచన అన్నచోట ఒక పేరు వేసుకున్నారు. ఆ పాటకు రచన ఎవరు చేశారు? నాట్లేస్తూ, కలుపు తీస్తూ నాలుగు తరాల ఆడవాళ్లు ఒక్కొక్క చరణం కలుపుకుంటూ వచ్చిండ్రు. మేము మా వీడియోలో 'జానపదం. పాడి వినిపించినది మా బాపమ్మ' అని రాసి, ఆమె పేరు, ఊరి పేరు పెట్టినం. ఆమెకు చదువు రాదు. ఫోనులో తన పేరు చూపిస్తే, వేలితో అక్షరాల మీద తడిమి "ఇది నేనేనా" అని అడిగింది. ఇప్పుడు ఎవరి పేరు వేయాలో తెలియని పాటకు కనీసం సేకరణ అన్న మాట, ఎవరి నోట విన్నామన్న మాట తప్పకుండా ఉండాలని నా కోరిక. 2021లో 'సారంగదరియా' వచ్చినప్పుడు మా ప్రాంతంలో నడిచిన గొడవంతా ఈ ఒక్క మాట గురించే.

మంచి సంగతి కూడా చెప్పాలి. బలగం చిత్రంలోని 'ఊరు పల్లెటూరు' పాటకు కాసర్ల శ్యామ్ అన్నకు జాతీయ అవార్డు వచ్చిన రోజు మా బృందం మొత్తం పండుగ చేసుకుంది. మా మాటలతో రాసిన పాటకు పేరుతో సహా గుర్తింపు రావడం మా కళ్లతో చూసినం.

తూర్పుతీరం:

నేను న్యూజెర్సీలో ఉంటాను. మా దగ్గర పిల్లలు పాటను చెవితో కాక కంటితో మొదలుపెడతారు. 2023లో 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చినప్పుడు మా అమ్మాయి తరగతిలో తెలుగు రాని పిల్లలు కూడా ఆ అడుగులు వేశారు. ఆ అవార్డు మీద ఉన్నవి రెండే పేర్లు, స్వరకర్త కీరవాణి గారు, రచయిత చంద్రబోస్ గారు. పాట అంటే ఎవరిదో ఆ సంస్థ నియమం స్పష్టంగా చెబుతుంది. మన వేదికల మీద మాత్రం అదే పాటను "ఫలానా హీరో పాట" అని పరిచయం చేస్తాం.

వీడియో పాటను చెడగొట్టిందని అనేవాళ్లతో నేను ఏకీభవించను. ప్రేమ్ రక్షిత్ గారి అడుగులు, కీవ్ నగరంలోని ఆ భవనం ముందు తీసిన దృశ్యం లేకపోతే ఆ పాట ఇంత దూరం వచ్చేది కాదు. వీడియో పిలుచుకొస్తుంది, ఆ వచ్చిన వాళ్లకు ఇంట్లో ఎవరున్నారో చెప్పవలసింది మనం. నిరుటి ఉగాదికి మా తెలుగు సంఘం కార్యక్రమంలో ఒక నియమం పెట్టాం. ప్రతి నృత్యానికి ముందు, ఆ పాటకు నాట్యం చేసే పిల్లే మైకు దగ్గరకు వచ్చి రచన, సంగీతం, గానం, నృత్య దర్శకత్వం చెప్పాలి. ఎనిమిదేళ్ల పాప 'రాలిపోయే పువ్వా'కు నాట్యం చేసే ముందు, "రచన వేటూరి సుందరరామమూర్తి గారు" అని తడబడుతూ పలికినప్పుడు, ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన కళ్లు తుడుచుకున్నారు. కార్యక్రమం పావుగంట ఎక్కువ సాగింది, అంతకు మించి నష్టం లేదు.

వాద్యకారుల పేర్లు చెప్పాలని కూడా అనుకున్నాం. ఎ.ఆర్. రెహమాన్ గారి సీడీల లోపలి కాగితాల మీద ఎవరు ఏం వాయించారో ఉండేది. బొంబాయి చిత్రంలోని వేణువు నవీన్ కుమార్ గారిదని నాకు ఆ పేర్ల వల్లే తెలిసింది. మిగతా పాటలకు దొరకలేదు.

టేపులగది:

దొరకకపోవడానికి మరో కారణం ఉంది. వయొలిన్ గారు చెప్పిన ఆ ఒంటి ముక్కలే ఇప్పుడు తగ్గిపోతున్నాయి. స్పాటిఫైలో శ్రోత 30 సెకన్లు వింటేనే అది ఒక వినికిడి కింద లెక్కకు వస్తుంది. అందువల్ల పల్లవి త్వరగా రావాలి, ఎదురుచూపు ఉండకూడదు అని స్వరకర్తలను తొందరపెడతారు. పల్లవికి ముందు నిమిషం పాటు వీణో వేణువో నడిచే పాటను ఇప్పుడు ఒప్పించడం కష్టం. వాయించేవాడికి చోటే లేనప్పుడు ఆ పేరు అడిగేవాళ్లు కూడా ఉండరు.

కవితాశ్రోత:

అందుకే ఉన్నవాటినైనా ఇప్పుడే రాసి పెట్టాలి. వయొలిన్ గారూ, మిమ్మల్ని ఒకటి అడగవచ్చునా? ఆధారం ఏమిటని ఆ సంస్థ అడిగిందన్నారు. ఆ రోజుల్లో మీరు ఏ పాట ఏ రోజున వాయించారో ఎక్కడైనా రాసుకునేవారా?

రెండోవరుస వయొలిన్:

రాసుకునేవాణ్ణి. డబ్బులు రావలసిన లెక్క కోసం ప్రతి సాయంత్రం ఒక డైరీలో తేదీ, థియేటరు, సంగీత దర్శకుడు, పాట మొదటి మాట, ఎవరెవరు వచ్చారు అన్నది పెన్సిలుతో వేసేవాణ్ణి. పాట పేరు తెలియని రోజున "మూడున్నర శ్రుతి, విషాదం, సుశీలమ్మ" అని మాత్రమే ఉంటుంది. అది లెక్కల పుస్తకమే అనుకున్నాను గానీ, దాన్ని ఆధారం అంటారని మీరు అడిగేదాకా నాకు తోచలేదు. ఈ రోజు పొద్దున అటక మీద నుంచి పెట్టె దింపించాను. పదకొండు డైరీలు ఉన్నాయి. రెండిటికి చెదలు పట్టింది, మిగతావి చదవడానికి వీలుగానే ఉన్నాయి. నా మిత్రుడు ఆ ముక్క వాయించిన రోజు పేజీ దొరికింది. అతని పేరు కింద గీత గీసి "సోలో, నాలుగో టేకు" అని రాసి ఉంది.

ధారానగరి:

ఆ పేజీ చాలా విలువైనది. దయచేసి ముందుగా ఫోటోలు తీయించండి, ఆ తర్వాతే ఎవరికైనా పంపండి. అసలు డైరీలను మాత్రం చేయి దాటనీయకండి. ఆ సంస్థకు రాయవలసిన ఉత్తరం ముసాయిదా నేను తయారు చేస్తాను, మీ మిత్రుడి కుటుంబం ఒప్పుకుంటే వారి తరఫున వాద్యకారుల సంఘానికి కూడా రాద్దాం.

ప్లేట్లపెట్టె:

వయొలిన్ గారూ, మీరు అనుమతిస్తే వచ్చే నెల మొదటి వారంలో మద్రాసు వచ్చి ఆ తొమ్మిది డైరీలను పేజీ పేజీగా ఫోటో తీస్తాను. స్టాండు, లైట్లు నా దగ్గర ఉన్నాయి. చెదలు పట్టిన రెండిటిని కూడా తెరవకుండా అలాగే ఉంచండి, వాటిని విప్పే పద్ధతి తెలిసినవారిని వెంట తీసుకొస్తాను. పేర్లను ఇక్కడ పెట్టే ముందు ఆయా కుటుంబాలను అడిగే పని మీదే. రేలపాట తమ్ముడూ, నువ్వు చెప్పినట్టుగా నా జాబితాలో 'సేకరణ', 'పాడి వినిపించినవారు' అని రెండు గడులు ఈ రాత్రే కలిపాను. మీ బాపమ్మ పాటతో అవి మొదలవుతాయి.

రెండోవరుస వయొలిన్:

రండి. మొదటి వారం అయితే ఎండ తగ్గి ఉంటుంది. మా మేడ మీద గదిలో వెలుతురు బాగుంటుంది. డైరీల్లో నా చేతిరాత కొన్నిచోట్ల మీకు అర్థం కాదు, పక్కన కూర్చుని చదివి చెబుతాను.